చింతచెట్టు కింద జెముడు మేత పెరుగుతుందా?

బతుకుతుంది. పెరగదు. ఏటా కోసి ఆవు ముందు వేసుకునేంత మట్ట, అంటే జెముడు పలక, మాత్రం చింత కింద రాదు.

మీరు రాసిందాన్ని బట్టి నాకర్థమైన సంగతి ఇది. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, బాగేపల్లి దగ్గర నాన్నగారి నాలుగెకరాల గరుసు నేల. బోరు పోయింది. గట్ల మీద చింతలు, కానుగలు, రెండు మూడు వేపలు, చేను మధ్యలో అక్కడక్కడా నల్లతుమ్మలు. రెండు ఆవులు, పది గొర్రెలు. వేసవి వస్తే మేత కొనలేక నాన్నగారు ఆవుల్ని అమ్మేద్దామంటున్నారు. చెట్ల కింద నేల ఎలాగూ ఖాళీయే, అక్కడ ముళ్ళు లేని కాక్టస్ నాటితే నీడకు తడి ఆరకుండా బాగా వస్తుందని ఎవరో వీడియోలో చెప్పారు, నిజమేనా అని మీ ప్రశ్న.

నేను పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. సొంతూరు కదిరి, ఇల్లు ఎలహంకలో, గౌరిబిదనూరు వైపు మూడెకరాలుంది. తొమ్మిదేళ్ళుగా ఈ జెముడు పెంచుతున్నాను. మొదటి ఏడు నేనూ అచ్చం మీలాగే ఆలోచించాను. 300 మట్టలు తెచ్చి, వంద చింత కింద, వంద కానుగల కింద నాటి, చోటు చాలక మిగిలినవాటిని ఎండలో గట్టు వారన గుచ్చేశాను. వాటి మొహం కూడా చూడలేదు. రెండేళ్ళు తిరిగేసరికి గట్టు మీద గుచ్చినవి ఒక్కొక్కటీ ఏడెనిమిది మట్టలు తొడిగాయి. చింత కిందవి వెలుతురు వెతుక్కుంటూ సన్నగా, పొడుగ్గా, బెండకాయల్లా సాగి, సొంత బరువుకు తామే వంగిపోయాయి. కానుగల కింద సగం కుళ్ళిపోయాయి. పక్క చేను రైతు రోజూ వచ్చి చూసి, "ఏం సార్, పాపాసుకళ్ళికి ఉయ్యాల కట్టినారా?" అని నవ్వేవాడు. కన్నడంలో ఈ జెముడును పాపాసుకళ్ళి అంటారు లెండి.

ఎందుకిలా జరుగుతుందో తెలిస్తే ఎక్కడ నాటాలో మీకే తోస్తుంది. మనం మట్ట అంటాం గానీ అది ఆకు కాదు, కాండం. దాని మీద రంధ్రాలు పగలు మూసుకుని రాత్రి తెరుచుకుంటాయి. రాత్రి చల్లదనంలో గాలిలోని బొగ్గుపులుసు వాయువును లోపలికి తీసుకుని, పుల్లటి ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. తెల్లారాక తలుపులు బిగించుకుని, ఎండ వెలుతురుతో ఆ ఆమ్లాన్ని చక్కెరగా వండుకుంటుంది. తెల్లవారుజామున కోసిన మట్ట ముక్క నాలుకకు తగిలితే పుల్లగా ఉంటుంది, సాయంత్రం కోసినదానికి ఆ పులుపుండదు. నీళ్ళ పొదుపంతా రాత్రిపూట ఊపిరి పీల్చడంలోనే ఉంది. వంట మాత్రం పగటి వెలుతురుతోనే జరగాలి. నీడలో నీళ్ళు మిగులుతాయన్నది నిజమే, కానీ ఈ మొక్కకు అసలు కొరత నీళ్ళది కాదు. మనం నీడలో పెట్టి పొయ్యి ఆర్పేస్తున్నాం.

రాత్రి సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. దీనికి బాగా నచ్చేది పగలు 25 డిగ్రీలు, రాత్రి 15 డిగ్రీలు. మన బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. బాగేపల్లి కొంచెం కింద ఉన్నా రాత్రులు అక్కడా చల్లబడతాయి. చెన్నైలో స్థిరపడ్డ మా బావమరిది నా దగ్గరే మట్టలు పట్టుకుపోయి తిరువళ్ళూరు వైపు తోటలో వేశాడు. అక్కడ రాత్రి కూడా ఉక్కపోతే. మూడేళ్ళయినా నా వాటిలో సగం ఎత్తు రాలేదు. ఈ విషయంలో మీ నేల అదృష్టమున్నదే.

రెండో ఇబ్బంది వేళ్ళది. జెముడు వేళ్ళు లోతుకు పోవు. చాలా వరకు పైనున్న అడుగు మట్టిలోనే పరుచుకుని ఉంటాయి. ఒక జల్లు పడితే ఒకటి రెండు రోజుల్లోనే కొత్త పిల్లవేళ్ళు వేసి ఆ తడిని గుంజేసుకోవడం దాని పద్ధతి. చెట్టుకు లోతు వేళ్ళున్నా, తిండి తీసుకునే సన్న వేళ్ళు ఆ పై అడుగులోనే, కొమ్మల కొసల దాకా అల్లుకుని ఉంటాయి. పదేళ్ళ చెట్టుతో పది నెలల మట్ట పోటీపడి గెలవదు. నీలగిరి తోటల పక్కనైతే అసలు ప్రయత్నించవద్దు. కర్ణాటకలో 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించారు గానీ, కోలారు, చిక్కబళ్ళాపురం వైపు పాత మోళ్ళ నుంచి చిగురించేవి ఇంకా ఉన్నాయి. మీ పక్క చేనిలో ఉంటే ఆ గట్టుకు దూరంగా నాటండి.

మూడోది పురుగు. నా లెక్కలో అన్నిటికంటే పెద్దది ఇదే, వీడియోల్లో ఎవరూ చెప్పనిదీ ఇదే. దానికి కొంచెం పాత కథ చెప్పాలి. మా తాత చిన్నప్పుడు కదిరి వైపు గట్లన్నీ నాగజెముడే. మనుషులు దూరలేనంత దట్టంగా చేలను మింగేసేదట. తర్వాత కొన్నేళ్ళలో మాయమైపోయింది. అమ్మవారి మహిమ అనుకున్నారు ఊళ్ళో. జరిగిందేమిటంటే, 1926లో శ్రీలంక నుంచి ఒక పిండిపురుగును తెచ్చి దక్షిణాదిన ఈ నాగజెముడు మీద వదిలారు. మట్ట మీద తెల్లటి దూదిలా అంటుకుంటుంది. గోటితో నొక్కితే ఎర్రగా నెత్తురులా కారుతుంది. దాని చుట్టాల్లో ఒక రకం నుంచే కోచినీల్ ఎర్రరంగు తీస్తారు. ఈస్టిండియా కంపెనీ ఆ రంగు మీద ఆశతోనే 18వ శతాబ్దం చివర్లో జెముడునూ పురుగునూ మన దేశంలో పెంచాలని చూసింది. మద్రాసులో కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ సైదాపేటలో జెముడు తోటే వేయించాడు. 1795లో బ్రెజిల్ నుంచి పురుగు వచ్చింది గానీ అది మంచి రంగిచ్చే రకం కాదు. రంగు వ్యాపారం మునిగింది, పురుగుతో జెముడును చంపవచ్చన్న తెలివి మాత్రం మిగిలింది.

ఇప్పుడు మన సంగతి. 1926లో వదిలిన ఆ పురుగు ఎక్కడికీ పోలేదు. మీ ఊరి చుట్టూ మిగిలిన నాగజెముడు పొదల మీద ఇప్పటికీ తెల్లగా కనబడుతుంది, వెళ్ళి చూడండి. మేత కోసం మనం పెంచే ఓపన్షియా ఫైకస్-ఇండికా రకాలంటే దానికి మహా ఇష్టం. బ్రెజిల్ ఈశాన్య రాష్ట్రాల్లో పాల ఆవులకు వేసే జెముడు తోటల్ని ఈ పురుగే ఊడ్చేసింది. అక్కడివాళ్ళు పాత రకాన్ని వదిలి, పురుగును తట్టుకునే 'మెక్సికో ఏనుగు చెవి', 'మియూద' అనే రకాలకు మారాల్సి వచ్చింది. మొరాకోలో కూడా 2014 తర్వాత ఇదే గోస. ఈ పురుగుకు శత్రువు జోరువాన. గట్టి వాన మట్టను కొట్టి కడిగేస్తే చాలా వరకు రాలిపోతుంది. గుబురు చెట్టు కింద ఆ వాన దెబ్బ మట్టకు తగలదు. పురుగుకు మనమే గొడుగు పట్టినట్టు. నా కానుగల కింద కుళ్ళగా మిగిలిన మట్టల్ని మూడో వేసవిలో తినేసింది ఇదే. ఎండలో ఉన్న వరుసల్లోకి కూడా వచ్చింది గానీ, వానాకాలం తిరిగేసరికి అవి తేరుకున్నాయి.

బెంగళూరు చుట్టుపక్కల ఇంకో బెడద ఆఫ్రికా నత్త. చెట్టు కింద తడిసిన ఆకుచెత్తలో పగలంతా దాక్కుని, రాత్రి లేత మట్టల్ని తూట్లు పొడుస్తుంది. వానాకాలంలో టార్చిలైటు పట్టుకుని ఏరడమే నేను చేసే మందు.

అయితే చెట్లు వద్దా? కావాలి. చెట్టూ జెముడూ కలవాల్సిన చోటు ఆవు తొట్టి. చేనిలో రెంటికీ కొంచెం ఎడం ఉండాలి. ఎందుకో మేత దగ్గర చెబుతాను. ముందు ఏ చెట్టు పక్కన నాటాలో చూద్దాం.

నల్లతుమ్మ, తెల్లతుమ్మ, జమ్మి పక్కన ధైర్యంగా నాటవచ్చు. సన్నాకు చెట్లు, జల్లెడలోంచి రాలినట్టు వెలుతురు పడుతుంది. ఏప్రిల్ ఎండలో ఆ చిల్లుల నీడ మేలే చేస్తుంది, మట్ట పసుపెక్కదు. పైగా నేలలో నత్రజని పెంచే జాతులు, కాయలు గొర్రెలకు మేత. మీ నల్లతుమ్మలు చేను మధ్యలో ఉన్నాయన్నారు, మొదలుపెట్టాల్సింది అక్కడే. మొదలుకు రెండు, రెండున్నర మీటర్లు వదిలి నాటండి. వేపకైతే కింది కొమ్మలు తీసేసి మూడు నాలుగు మీటర్లు వదలండి. చింత, కానుగ, మామిడి గొడుగు కింద ఏమీ వద్దు. కొత్తగా మామిడి పెడుతున్నవాళ్ళు మాత్రం మొదటి నాలుగైదేళ్ళు సాళ్ళ మధ్య వేసుకోవచ్చు, కొమ్మలు కలిసేలోపు పీకేసుకుంటే సరి. సర్కారు తుమ్మ పొదల్లో నాటమని కొందరంటారు. ఆ ముళ్ళలో చెయ్యిపెట్టి మట్ట కోసేది ఎవరు?

నేనిప్పుడు చేస్తున్నది ఇలా ఉంటుంది. వాలుకు అడ్డంగా గట్లు వేసి, గట్టు మీద గిరిపుష్పం, అవిసె, కొంత సుబాబుల్ నాటాను. గట్టుకూ గట్టుకూ మధ్య పది మీటర్లు. ఈ చెట్లను ఎత్తు పెరగనివ్వను. రెండు మూడు నెలలకోసారి నడుమెత్తుకు నరికి ఆకు మేతకు వాడతాను (అవిసెను మాత్రం మరీ కిందకు నరికితే చచ్చిపోతుంది, కొమ్మలే తీయాలి). వాలు ఒప్పుకుంటే వరుసలు తూర్పు పడమరలుగా ఉంటే మంచిది. మన అక్షాంశంలో సూర్యుడు ఏడాదిలో ఎక్కువ రోజులు దాదాపు నడినెత్తి మీదుగానే పోతాడు కాబట్టి, చెట్ల నీడ ఆ వరుస పొడుగునే పడుతుంది, మధ్య పట్టీకి ఎండ దక్కుతుంది. గట్టు పక్కన అడుగున్నర లోతు కందకం తీశాను. వాన నీరు నిలిచి ఇంకుతుంది, చెట్టు వేళ్ళు ఇటు రాకుండా రెండేళ్ళకోసారి ఆ కందకంలోనే పారతో కోసేస్తాను. కందకానికి ఇవతల, కొంచెం ఎత్తు చేసిన బోదెల మీద జెముడు. వరుసల మధ్య రెండు మీటర్లు, మొక్కల మధ్య మీటరు.

నాటే పద్ధతిలో పెద్ద చదువేమీ లేదు, ఒక్క తొందరపాటు మాత్రం పనికిరాదు. ఏడాది ముదిరిన మట్టను కణుపు దగ్గర శుభ్రంగా కోసి, నీడలో రెండు మూడు వారాలు పడేయండి. కోసిన చోట బెరడులా గట్టిపడాలి. పచ్చి గాయంతో తడి నేలలో పెడితే పది రోజుల్లో ముద్దయిపోతుంది. ఎండిపోతుందేమోనన్న భయం వద్దు, రెండు నెలలు గోడవారన మరిచిపోయినా నాటితే మొలిచింది నా దగ్గర. మట్టలో మూడో వంతు భూమిలోకి పోతే చాలు. పలక ముఖాలు తూర్పూ పడమరా చూడాలి, ఉదయం ఒక వైపు, సాయంత్రం ఒక వైపు వెలుతురు పడుతుంది. మే ఆఖరు నుంచి జూన్ లోపల, ముంగారు వానలు మొదలయ్యే అదునులో నాటేయాలి. సెప్టెంబరు, అక్టోబరులో మనకు వానలు ముమ్మరం, అప్పటికి వేళ్ళు పట్టుకుని ఉండాలి. ఆ నెలల్లో కొత్తగా నాటడం మొదలుపెట్టకండి. మొక్కకు రెండు దోసిళ్ళ మాగిన పేడ ఎరువు వేయండి. జెముడుకు ఎరువెందుకు అంటారు మావాళ్ళు. వేసినదానికీ వేయనిదానికీ తేడా రెండో ఏడు కళ్ళకు కనిపిస్తుంది.

మొదటి ఏడు కోయవద్దు. రెండో ఏడు చివర కొంచెం. తల్లి మట్టనూ దాని మీది మొదటి వరుసనూ ఎప్పటికీ ముట్టుకోకండి, పైవే తీసుకోండి.

ఇప్పుడు మేత లెక్క. చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. మట్టలో పది పాళ్ళలో తొమ్మిది పాళ్ళు నీళ్ళే. ఆవుకు రోజుకు 20 కిలోలు వేశారంటే, 18 లీటర్ల నీళ్ళు, 2 కిలోల ఎండు పదార్థం వేసినట్టు. నాటు కలిసిన మామూలు పాడి ఆవుకు రోజుకు 10 కిలోలకు అటూ ఇటూ ఎండు పదార్థం కావాలి. అంటే జెముడు అయిదో వంతు. మిగిలినదంతా ఎండుగడ్డి, ఆకు, దాణా నుంచి రావాలి. పైగా ఆ 2 కిలోల్లో మాంసకృత్తులు 100 గ్రాములకు అటూ ఇటూ. ఆరేడు లీటర్లిచ్చే ఆవుకు కిలోకు పైగా కావాలి. రాగి గడ్డిలోనూ అవి తక్కువే. ఆ లోటు పూడ్చేది మీ గట్టు మీది గిరిపుష్పం, అవిసె, సుబాబుల్ ఆకు, దాంతో పాటు శనక్కాయ కట్టె. చెట్టూ జెముడూ తొట్టిలో కలవాలన్నది ఇందుకే. ఒకటి నీళ్ళూ చక్కెరా తెస్తుంది, ఇంకోటి మాంసకృత్తులు తెస్తుంది, రాగి గడ్డి నెమరుకు పీచునిస్తుంది. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది కాబట్టి మొత్తం మేతలో మూడో వంతు మించనివ్వకండి. గిరిపుష్పం వాసన ఆవులకు మొదట్లో గిట్టదు. ఒక పూట వాడబెట్టి వేస్తే అలవాటు పడతాయి.

పీచు లేకుండా జెముడు దండిగా వేస్తే పేడ నీళ్ళలా పారుతుంది. ఒక ఏప్రిల్‌లో ఎండుగడ్డి అయిపోయి, బద్ధకించి, నేను వారం రోజులు ఆవుకు 40 కిలోల దాకా మట్టే వేశాను. పశువైద్యుణ్ణయి ఉండి! ఆవు పారుకుంది, పాలకేంద్రంలో వెన్న శాతం పడిపోయి, గిన్నె పట్టుకుని తలదించుకుని వచ్చాను. కాబట్టి ముందు ఎండుగడ్డి వేయండి, తర్వాత వేలెడంత ముక్కలుగా తరిగిన మట్టను తరిగిన ఆకుతో కలిపి వేయండి. మొదటి రోజు రెండు కిలోలతో మొదలుపెట్టి, రెండు వారాల్లో పెంచుకుంటూ పోవాలి. జెముడులో సున్నం ఉన్నా ఆక్సలేటుతో ముడిపడి ఉండటం వల్ల ఒంటికి పూర్తిగా పట్టదు. భాస్వరం, ఉప్పు తక్కువ. ఉప్పుతో పాటు ఖనిజ మిశ్రమం తప్పదు. ప్రాంతాన్ని బట్టి ఖనిజ మిశ్రమాలు తయారుచేసే పని మీద ఉన్న జాతీయ పశు పోషణ సంస్థ మన ఆడుగోడిలోనే ఉంది, సెలవు పెట్టుకుని ఒక పూట వెళ్ళి అడగండి.

గొర్రెకు రోజుకు మూడు కిలోలు చాలు. ఆ మాత్రం తింటే తొట్టి దగ్గరకు నీళ్ళకు కూడా దాదాపు రావు. బోరు పోయిన ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు.

మీ మందకు ఎంత కావాలి? ఫిబ్రవరి నడుమ నుంచి మే ఆఖరు దాకా వంద రోజులనుకోండి. రెండు ఆవులకు 4 టన్నులు, పది గొర్రెలకు 3 టన్నులు, మొత్తం 7 టన్నులు. మూడో ఏడు నుంచి మొక్కకు 7 కిలోలు కోయవచ్చనుకుంటే వెయ్యి మొక్కలు. నేను చెప్పిన ఎడంతో వెయ్యి మొక్కలకు అరెకరం పడుతుంది. నాలుగెకరాలూ జెముడు చేయవలసిన పని లేదు. కోయని ఏడు మట్టలు మొక్క మీదే ఉంటాయి, వర్షం పడని ఏటికి నిలువునా ఉన్న పచ్చి వామి అది. ఒకవేళ మీ బోరు మళ్ళీ పడి నీళ్ళు దండిగా వస్తే, నేపియర్ గడ్డి వేసుకోండి, జెముడును గట్టుకు వదిలేయండి. నీళ్ళున్న చోట దీన్ని నేను సిఫారసు చేయను.

మట్టలు ఎక్కడ దొరుకుతాయంటే: జోధ్‌పూర్‌లోని కాజ్రీ (మెట్ట, ఎడారి ప్రాంతాల కేంద్ర పరిశోధన సంస్థ), దాని భుజ్ కేంద్రం, ఝాన్సీ గడ్డి పరిశోధన సంస్థ, పుణె దగ్గర బైఫ్ అనే స్వచ్ఛంద సంస్థ వీటి మీద పనిచేశాయి. ఝాన్సీ సంస్థ శాఖ ధార్వాడలో ఉంది. 1270, 1271 లాంటి అంకెలే రకాల పేర్లు. కేంద్ర భూవనరుల శాఖ 2022 నుంచి ముళ్ళు లేని జెముడును గట్టిగా ప్రోత్సహిస్తుండటంతో ఊరూరా అమ్మకందార్లు పుట్టుకొచ్చారు. నేను ఆన్‌లైన్‌లో ఒక నర్సరీ దగ్గర 200 మట్టలు కొంటే, వచ్చినవాటిలో మూడో వంతు ముళ్ళవే. ముందు పది తెప్పించి చూడండి. ముళ్ళు లేనివి అన్నవాటికి కూడా కంటికి కనబడని నూగు ఉంటుంది. అరచేతిలో దిగితే మూడు రోజులు అన్నం కలుపుకోలేరు. పండ్లు రాలి గింజ మొలిస్తే ముళ్ళ మొక్కలు వస్తాయి, పక్షులు పక్క చేలకు మోస్తాయి, కాబట్టి పండ్లు ముదరకముందే కోసేయండి. ముళ్ళు లేని మొక్కకు కంచె లేకపోతే ఊరి మేకలన్నీ మీ చేనికే వస్తాయి, ఆ ఖర్చు మొదటే లెక్కలో వేసుకోండి. పిండిపురుగు తెల్లమచ్చ కనబడిన రోజే ఆ మట్టను కోసి, గోతిలో వేసి కప్పేయండి. కొద్దిగా ఉంటే సబ్బునీళ్ళతో చీపురుపుల్లల కుచ్చుతో రుద్దితే పోతుంది. మీ చేనికి దగ్గరలో పాత నాగజెముడు పొదలుంటే నాటకముందే తీసేయించండి.

వెయ్యి ఒకేసారి వద్దు. ఈ ఏడు ఆ నల్లతుమ్మల చుట్టూ యాభై, ఎండ పట్టీలో యాభై, సరదాకు చింత కింద ఒక అయిదు నాటండి, నాన్నగారికి తేడా చూపించడానికి. ఆ మొదటి వంద మట్టలు నా చేనిలోనే కోసుకోవచ్చు, డబ్బులేమీ వద్దు. ఏప్రిల్ చివరి ఆదివారం రండి, అప్పుడు కోస్తే నాటే వేళకు గాయాలు బాగా ఆరి ఉంటాయి. వచ్చేటప్పుడు గోనెసంచులు, తోలు గ్లౌజులు తెచ్చుకోండి. సాయంత్రం నాలుగు దాటాక రండి, ముందు వస్తే నేను నిద్రలో ఉంటాను.